పూస పేరున్న నత్త

మ్యూజియంలో ఆయన్ని ఎదురుగా ‘సార్’ అనేవాళ్లు, వెనకాల ‘కసాయి’ అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా, దాచడమెందుకు. ఆయన కోసేది మేకల్నీ గొర్రెల్నీ కాదు, పేర్లని. అందులోనూ నత్తల పేర్లని.

నత్తలకి పేర్లు పెట్టడమే ఉద్యోగంగా బతికే మనుషులుంటారంటే మీకు నవ్వొస్తుంది. రానివ్వండి, తప్పులేదు; ఆయన మామగారు బతికున్నన్నాళ్లూ నవ్వుతూనే ఉన్నాడు. కానీ ఆ పనికీ ఒక పద్ధతుంది. ప్రతి జీవికీ రెండు మాటల పేరుంటుంది. మొదటిది ఇంటిపేరు లాంటిది, దగ్గరి చుట్టాలన్నిటికీ అదే. రెండోది దాని సొంతం. కొత్త నత్తకి పేరు పెట్టేవాడు ఒక గుల్లని ఎంచి, దాని వర్ణనంతా అచ్చు వేయించి, ఆ గుల్లకి ఎర్ర చీటీ కట్టి మ్యూజియంలో దాచాలి. రేపు ఎవరికి ఏ సందేహమొచ్చినా ఆ ఎర్ర చీటీ గుల్ల దగ్గరికే వచ్చి పోల్చుకోవాలి.

అంతా సవ్యంగానే ఉంటుంది, ఒకే నత్తకి ఇద్దరు మహానుభావులు ఒకరికి తెలియకుండా ఒకరు రెండు పేర్లు పెట్టనంతవరకు. అలా పెట్టారని తేలిందో, ముందు అచ్చయిన పేరు నిలుస్తుంది, తర్వాతది మునిగిపోతుంది. ముంచడం అనే అంటారు ఆ పనివాళ్లు. అలా ముంచడంలో మన సార్‌ది అందె వేసిన చెయ్యి. పాపం, ఒక తోటి ఉద్యోగి కన్నతల్లి పేరు ఒక నత్తకి పెట్టుకున్నాడు. దాన్ని సార్ ముంచబోతున్నాడని తెలిసి వచ్చి ఈయన చేతులు పట్టుకుని, ఆ ఒక్కటీ వదిలెయ్యమని బతిమాలాడు. ‘శాస్త్రానికి చుట్టరికాలుండవండీ’ అని చెయ్యి విడిపించుకుని కలం తీశాడీయన. ఆ మనిషి మళ్లీ ఈయనతో మాట్లాడలేదు.

మరి ఆ కసాయి కూడా కత్తి పెట్టని సొరుగు ఒకటి ఆ బీరువాల్లో ఉండేది. అందులో ఎర్ర చీటీతో గోరంత గుల్ల ఒకటుంది. తేనెరంగు, చుట్టూ కత్తి అంచులాంటి పదును, కింద సూదిమొన దిగేంత గుంట. దాని పేరులో రెండో మాట ఆయన కూతురిది. పూస అనేది ఆ పిల్ల ముద్దుపేరు; దానికే లాటిన్ తోక తగిలించాడు.

ఆ గుల్లని ఏరింది కూడా పూసే. వాన వెలిశాక రాతిగోడ మొదట్లో తడిమి పట్టుకొచ్చి, దీని పేరేంటి నాన్నా అంది. చూశాడు, తెలియలేదు. పుస్తకాలు తిరగేశాడు, దొరకలేదు. దీనికింకా పేరు లేదమ్మా అన్నాడు. అయితే నాది పెట్టు అంది పిల్ల, నీ చొక్కా ఒకసారి ఇవ్వు అన్నంత తేలిగ్గా. తర్వాత కొద్ది రోజులకే దానికి జ్వరం వచ్చి పట్టుకుంది. డాక్టరు మొహంలో నవ్వు మాయమైన రోజు నుంచి ఈయన పడుతూ లేస్తూ ఆ వర్ణన రాశాడు. పిల్ల కళ్లతో చూసుకోవాలి, అచ్చులో తన పేరు వేలితో తడుముకోవాలి, అంతే ఆయన పంతం. అచ్చయిన కాగితం వచ్చేసరికి ఇంట్లో పిల్ల మంచం ఎత్తేసి ఉంది.

భార్య ఆ కాగితాన్ని అద్దం వేయించి వంటింటి గోడకి తగిలించింది. ఏడాదికోసారి మ్యూజియానికి వచ్చి, ఆ సొరుగు తీయించుకుని చూసి వెళ్లేది. గుల్లతో మాట్లాడేది కాదు, ఏడ్చేది కాదు. దుమ్ము పట్టిందా అని చూసి తుడిచేది. ఒక్కసారి మాత్రం తిరిగి వస్తూ దారిలో అంది. పూస ఇప్పుడుంటే దాని తలలో ఒకటో రెండో తెల్ల వెంట్రుకలు వచ్చుండేవనీ, ఎంత కళ్లు మూసుకుని ఊహించినా ఆ పెద్ద మొహం తనకి కనబడదనీ, ఎప్పుడూ ముందు పన్ను ఊడిన ఆ చిన్న మొహమే కనబడుతుందనీ. ఆయన గొడుగు ఆవిడ వైపు వంచి నడిచాడు.

బతికున్న పూస నత్తని ఇన్నేళ్లలో మళ్లీ ఎవరూ చూడలేదు. ఆ రాతిగోడ కూల్చి ఏదో కట్టారు. అలాంటిది మొన్న వానల్లో ఆయన శిష్యురాలు, ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్న మనిషి, పాత రైలు గోదాము గోడ కింద వెతికి మూడింటిని డబ్బీలో పెట్టుకుని సార్ ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఆ సంబరంలో పటకారు తగిలి ఒకదాని అంచు కాస్త చిట్లింది కూడా. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. భార్య అయితే చేతిలో గరిటె పొయ్యి మీదే వదిలేసి వచ్చింది.

ఆ రోజు నుంచి వంటింటి కిటికీలో గాజుపెట్టె, పెట్టెలో తడిమట్టి, మట్టి మీద కీరదోస ముక్కలు. ఆవిడకి వాటి సేవే సేవ. చిట్లిన అంచుని ఆ నత్త తనే అతుక్కుంది, అతుకు దగ్గర చిన్న మచ్చ మిగిలింది. దానికి ఆవిడ ‘గంటుది’ అని పేరు పెట్టింది. లాటిన్ అక్కర్లేకుండా పెట్టింది, ఎర్ర చీటీ అక్కర్లేకుండా పెట్టింది. పొద్దున లేస్తూనే గంటుది తిన్నదా అని చూసి గానీ తను కాఫీ తాగేది కాదు. ఇల్లు చాలా ఏళ్ల తర్వాత ఇల్లులా ఉందని ఆయనకి అనిపించింది, అనిపించినందుకు భయం కూడా వేసింది.

ఆ భయం ఊరికే పోలేదు. నత్తలు పెరగడం మొదలుపెట్టాయి.

పెరిగితే మంచిదే కదా అంటారు. నత్త సంగతి మీకు తెలియదు. ఎదుగుదల పూర్తయిన నత్తకి గుల్ల నోటి దగ్గర అంచు మందం కడుతుంది, పెదవి మడిచినట్టు. పెదవి లేని గుల్ల అంటే ఇంకా పసిది. అంచు చూడందే పేరు పెట్టకండి అని ఈయన ప్రతి శిష్యుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. పూస ఏరిన గుల్లకి పెదవి లేదు. ఆ రోజు ఆ సంగతి ఆయన కంట పడిందా లేదా అంటే, పడింది. చిన్న జాతి, దీనికి పెదవి ఉండదులే అని సర్దిచెప్పుకున్నాడు. మంచం మీద పిల్ల దగ్గుతుంటే ఎవరికి మాత్రం పెదవుల మీద ధ్యాస ఉంటుంది.

ఇప్పుడు కిటికీలో, ఆయన కళ్ల ముందు, గంటుదాని కొత్త చుట్టు మీద కత్తి అంచు గుండ్రబడింది. కింది గుంట మూసుకుపోయింది. తేనెరంగు మీద గోధుమ చార ఒకటి దిగింది. అది ఆయనకి తెలిసిన చార. ఎప్పుడో తాతలనాడు ఎవరో దేశదిమ్మరి ఎత్తయిన గోడల పగుళ్లలోంచి కొన్ని పెద్ద గుల్లలు తెచ్చి, ఇదేమిటో తనకే సరిగా తేలక, లాటిన్‌లో ‘అనుమానపుది’ అని పేరు పెట్టి వదిలేశాడు. ఆ నత్త పిల్లలెలా ఉంటాయో ఎవరూ చూడలేదు. పిల్లలు గోడ కింద, పెద్దవి గోడ పైన. మధ్యలో ఉన్న గోడనంతా చూడకుండా కిందున్న పసిదానికి వేరే జాతి అని పేరు పెట్టింది ఈయనే.

అది నిజం కాకుండా పోవడానికి ఆయన పడని పాటు లేదు. కీరదోస వేడి చేసి గుల్ల వికటించిందనుకున్నాడు. గాజుపెట్టెలో గాలి సరిగా ఆడక అలా అయిందనుకున్నాడు. చివరికి మ్యూజియంలో, రిటైరయ్యాక కూడా ఆయనకి ఉంచిన చిన్న గదిలో తలుపు గడియ పెట్టుకుని, ఆ దేశదిమ్మరి తెచ్చిన పెద్ద గుల్లని ఒకదాన్ని తీశాడు. నత్త గుల్లలో ఒక సుగుణముంది. అది ఎంత పెరిగినా పాతది పారెయ్యదు. చిన్ననాటి చుట్లు శిఖరం దగ్గర అలాగే ఉంటాయి, వాటి చుట్టూనే కొత్తవి కడుతుంది. సన్న పటకారుతో నోటి దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా విరుచుకుంటూ పోతే దాని చిన్నతనం బయటపడుతుంది. ఆ విద్య శిష్యులకి నేర్పింది ఆయనే. విరిచాడు. గోధుమ చార పోయింది, గుండ్రటి అంచు పోయింది. పటకారు కొసన మిగిలింది తేనెరంగు గోరంత గుల్ల, చుట్టూ పదునుతో, కింద సూదిగుంటతో. ఎర్ర చీటీ గుల్లని దాని పక్కన పెట్టాడు. ఏది ఏదో కాసేపు ఆయనకే తెలియలేదు.

దేవుడా, ఒక్క తేడా చూపించు అని బల్ల మీద తల పెట్టుకున్నాడు. ఎన్ని పేర్లు ముంచాడు, ఎంతమంది మొహాలు వాడిపోతుంటే చూశాడు, అప్పుడెప్పుడూ దేవుడి అవసరం పడలేదు. చేతులు పట్టుకున్న ఆ తోటి ఉద్యోగి అరచేతుల వేడి ఇన్నేళ్ల తర్వాత ఆయన చేతులకి తగిలింది.

ఇక్కడి నుంచి ఆయన చేసినవి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఆవిడ ఆ తేడా పసిగట్టేలోపు పెరిగినవాటిని తీసెయ్యాలి, అదే ఆయన ఆలోచన. నడక కోసమని గొడుగు పట్టుకుని బయల్దేరి, గోదాము గోడ దగ్గర మోకాళ్ల మీద పాకి, చిన్నవాటిని ఏరుకొచ్చేవాడు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు పెట్టెలో పెరిగినవాటిని తీసి చిన్నవాటిని పెట్టేవాడు. తీసినవాటిని తీసుకెళ్లి అదే గోడ మీద వదిలేవాడు. ఆవిడ తువ్వాలు తలకి చుట్టుకుని వచ్చి, ఇవేంటండీ ఎంత పెట్టినా ఒళ్లు చెయ్యవు అని బెంగపడేది. మన పూసా అంతే కదా, తిన్నదంతా ఎటు పోయేదో అని తనే సమాధానం చెప్పుకునేది. ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

గంటుదాని దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. మచ్చ ఉన్న చిన్న నత్త ఆ గోడ కింద ఎక్కడ దొరుకుతుంది? జీవితమంతా ఒక చీటీ మీద తారీకు తప్పు పడితే శిష్యుల్ని నిలబెట్టి కడిగేసిన మనిషి, గోళ్లు గీసుకునే ఆకురాయి తీసుకుని, ఏ పాపం ఎరగని ఓ నత్తపిల్ల అంచుని గీకి దొంగ గంటు పెట్టాడు. అసలు గంటుదాన్ని గోడ మీద వదలడానికి చెయ్యి రాలేదు. మూతకి చిల్లులు పొడిచిన టీపొడి డబ్బాలో, ఆకులేసి, మ్యూజియంలో తన బల్ల కింద దాచుకున్నాడు.

శిష్యురాలు ఈ నత్తల వంశమంతటి మీదా పెద్ద పుస్తకం రాస్తోంది. అందులో ఏది వేస్తే అదే ఇక లెక్క. ఆ మూడూ ఎలా ఉన్నాయి సార్ అని రెండుసార్లు అడిగింది, చచ్చిపోయాయని చెప్పాడు. మూడోసారి అడగలేదు. ఒకరోజు ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, అనుమానపు నత్త పిల్లలెలా ఉంటాయో ఎవరూ రాయలేదనీ, తను గోదాము గోడ పైన నిచ్చెన వేసి చూసిందనీ, పైన పెద్దవి కనబడ్డాయనీ చెప్పి, తర్వాతి మాట నోట్లోనే పెట్టుకుంది. బల్ల కింద డబ్బాలో ఆకు కదిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

“ఆ ఒక్క పేరూ వదిలెయ్యమ్మా,” అన్నాడాయన.

ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. “మీరెలా చెబితే అలా రాస్తాను సార్.”

తిట్టినా బాగుండేది. శాస్త్రానికి చుట్టరికాలుండవని ఆయన మొహం మీదే అనుంటే, తను పెంచిన మనిషే కదా అని ఏ మూలో గర్వపడేవాడు. మీరెలా చెబితే అలా అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాకూడదని చెప్పిచెప్పి తీర్చిదిద్దిన పిల్ల అది. ఆమె పుస్తకంలో ఒక అబద్ధం, తన కోసం, తన బిడ్డ పేరుతో. ఆయన డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు. దారిలో కాళ్లు ఎన్నిచోట్ల ఆగాయో, వెనక్కి తిరగబోయాయో.

భార్య వంటింట్లో కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో గాజుపెట్టె, చూపుడువేలి మీద ఆ దొంగ గంటు నత్త.

“ఇది గంటుది కాదు,” అంది.

ఆయన చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు.

“గంటుదాని మచ్చ పాతది, నునుపెక్కింది. ఇది నిన్నమొన్న గీకింది. వేలికి గరుకు తగులుతోంది. ఇవేవీ మొదటివి కావు. నాకు తెలుసు. ఎందుకు మారుస్తున్నారో మీరే చెబుతారని చూశాను.”

ఇక ఆయన వల్ల కాలేదు. గడప మీదే కూలబడి మొత్తం చెప్పేశాడు. పెదవి లేని గుల్ల సంగతి, తొందరపడి రాసిన వర్ణన సంగతి, గోధుమ చార, విరిచిన గుల్ల, గోడ పైన పెద్దవి, కింద పిల్లలు, ఆ అమ్మాయిని బతిమాలడం. పూస పేరు పెట్టిన జాతి అసలు లేనేలేదనీ, అది వేరే నత్త చిన్నతనమనీ, ఇన్నేళ్లూ ఆవిడ దుమ్ము తుడిచింది తన పొరపాటుకనీ చెబుతూ చిన్నపిల్లాడిలా వెక్కాడు. నీకు మిగిలిన ఆ ఒక్కటీ నేనే తీసేస్తున్నాను, అందుకే మార్చాను అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. గోడ మీది అద్దం వైపు కూడా చూడలేదు.

“గంటుది ఏదీ?”

సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాడు. ఆవిడ మూత తీసి, లోపలున్నదాన్ని మెల్లగా అరచేతిలోకి తీసుకుంది. బొటనవేలి కణుపంత అయింది. గోధుమ చార, నోటి దగ్గర తెల్లటి మందపాటి పెదవి. కాసేపటికి కొమ్ములు చాచి ఆవిడ మణికట్టు వైపు నడవడం మొదలుపెట్టింది. ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఆయన పక్కకి జరిగి, అలవాటు కొద్దీ, ఏడుస్తూనే, పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఇదిగో ఈ మచ్చ, చిట్లినప్పటిది. మచ్చ దాకా మనం చూసిన చిన్నది. మచ్చ తర్వాతదంతా ఇక్కడికొచ్చాక పెరిగింది.

“అయితే ఆ చిన్నది లోపలే ఉందా?”

“ఉంది. ఎంత పెరిగినా ఆ చుట్లు అలాగే ఉంటాయి. ఎటూ పోవు.”

ఆవిడ వేలి కొసతో గుల్ల శిఖరాన్ని ముట్టుకుంది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంది, పూస పోయిన రోజున కూడా ఆయన మీద చూపించనంత కోపం.

“పెరిగితే ఎలా ఉంటుందో చూడాలని నేనెంత ఏడ్చానో మీకు తెలుసు. నా కిటికీలోనే పెరిగింది. ఒక్కటంటే ఒక్కటి, నా కళ్ల ముందు పెరగాల్సింది. దాన్ని కూడా చూడనివ్వలేదు మీరు.”

పేరు పోతుందని భయపడ్డాడు గానీ, ఆవిడకి కావలసింది పేరు కాదని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. కూర్చున్నచోటే తల గోడకి కొట్టుకున్నాడు. ఆవిడ వద్దనలేదు, ఓదార్చలేదు.

పేరు పోతుందా అని ఆవిడే అడిగింది. పోతుందన్నాడు. చెరిపేస్తారా అంది. చెరపరు, అనుమానపుదాని కింద చిన్న అక్షరాల్లో, దీన్ని ఒకాయన ఫలానా పేరుతో కూడా పిలిచాడని రాస్తారు, పక్కన నా పేరుంటుంది అన్నాడు. ఆవిడ తలాడించింది.

ఆయన లేచి శిష్యురాలికి ఫోను చేశాడు. ముంచెయ్యి అన్నాడు. అవతల ఆ అమ్మాయి ఏడుపు వినబడింది. కాసేపటికి తమాయించుకుని, ఆయన పెంచిన మనిషి కాబట్టి, అడగాల్సింది అడిగింది. రుజువుగా ఎర్ర చీటీ పక్కన పెట్టడానికి ఆ మచ్చ ఉన్న గుల్ల కావాలి సార్ అంది. గుల్ల కావాలంటే నత్తని వేడినీళ్లలో వెయ్యాలి. ఆయన ఫోను చేత్తో మూసి భార్య వైపు చూశాడు, ఆ మాట ఎలా అడగాలో తెలియక. ఆవిడ అప్పటికే వింది.

“దాని ఆయుష్షు తీరాక తీసుకెళ్లమనండి. ఒకసారి వేళకి ముందే పోయింది, చాలు.”

ఆయన ఆ మాటే ఫోనులో చెప్పాడు. అవతల మనిషి సరేనంది.

ఆవిడ నత్తని మణికట్టు మీదే ఉంచుకుని లేచింది. కీరదోస తీసి, కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. పెద్దదానికి ఆకలి ఎక్కువుంటుంది కదా అని, ఎప్పుడూ కోసేదానికన్నా ముక్క కాస్త మందంగా కోసింది.